నాలుగో నెంబరు

మర్యాద విషయంలో మా గోదావరి వాళ్ళకి వంక పెట్టడానికి లేదు. అన్యాయం చేసేటప్పుడు కూడా ముందు మంచినీళ్ళిచ్చి మరీ చేస్తారు. గురువారం సాయంత్రం తణుకులో గేమింగ్ సెంటర్ నడిపే అప్పాజీ గారు, వినీల గెలిచిన ఫైనల్ ఆటని రద్దు చేసేముందు ఆమెకి స్వయంగా కుర్చీ జరిపారు. ఫ్యాను ఆమె వైపు తిప్పారు. స్టీలు గ్లాసులో చల్లటి నీళ్ళు పోసి చేతికిచ్చారు.

"చూడమ్మా వినీలా, నువ్వు బాగా ఆడావు. అందులో ఎవరికీ సందేహం లేదు. కానీ హరిబాబు చేతిలో ఉన్న కంట్రోలర్ సరిగ్గా పని చెయ్యలేదంట. స్టిక్ దానంతటదే ఎడమకి లాగేస్తోందంట. అలాంటప్పుడు ఆట చెల్లదు కదమ్మా. ఆదివారం మూడింటికి మళ్ళీ ఆడేద్దాం" అన్నారు.

"ఏ నెంబరండి అది?" అంది వినీల.

"నాలుగు."

వినీల గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఆ సెంటర్లో కంట్రోలర్లు ఎనిమిది. ఆ ఎనిమిదింటినీ మూడేళ్ళుగా రోజూ తుడిచేది ఆమే. దూదికి స్పిరిట్ అద్ది బటన్ల సందులు తుడవడం, జడపిన్నుతో స్టిక్ మొదట్లో చేరిన మురికి లాగడం, తర్వాత ఒక్కొక్కటీ టీవీకి కలిపి కాసేపు ఆడి చూడటం ఆమె ఉద్యోగం. ఆడి చూసీ చూసీ ఆట వచ్చేసింది. ఏ కంట్రోలర్లో ఏ బటన్ ఎంత నొక్కితే దిగుతుందో, తల్లికి పిల్లల ఒళ్ళు తెలిసినట్టు ఆమె వేళ్ళకి తెలుసు. నాలుగో నెంబరుని ఆ ఉదయమే తుడిచింది. ఎనిమిదింటిలోకీ బుద్ధిమంతురాలంటే అదే.

"పొద్దున్న నేనే చూశానండి. బాగానే ఉంది."

"పొద్దున్న బాగుండొచ్చమ్మా. సాయంత్రానికి పాడవకూడదని ఉందా? మనిషే పాడైపోతున్నాడు ఈ రోజుల్లో."

పక్కనే సోఫాలో కాలు మీద కాలు వేసుకుని హరిబాబు ఫోను చూసుకుంటున్నాడు. ఇంజనీరింగ్ అయిపోయి రెండేళ్ళయింది, ఇంట్లో గోడంత టీవీ ఉంది, పొద్దస్తమానం దాని ముందే ఉంటాడు. అతని మేనమామ త్రిమూర్తులు గారికి ఊళ్ళో ఎరువుల కొట్టు, పెనుగొండ వైపు నలభై ఎకరాల పొలం ఉన్నాయి. బల్ల మీద పసుపు రిబ్బను కట్టుకుని నిలబడ్డ ఇత్తడి కప్పు ఆయన కొనిచ్చిందే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అని ఊరికే అన్నారా పెద్దలు.

అప్పాజీ గారు అందరూ చూస్తుండగా ఎర్ర టేపు తీసి నాలుగో నెంబరు పిడికి రెండు చుట్లు చుట్టారు, దాని రోగం ఖాయమైపోయినట్టు. ఫలితాల రిజిస్టరులో వినీల పేరు మీద గీత కొట్టి, 'రిమార్కులు' అన్న గడిలో '4వ నెంబరు లోపం, ఆట రద్దు' అని గుండ్రటి అక్షరాలతో రాశారు. గెలిచినవాళ్ళు వచ్చే నెల విజయవాడలో రాష్ట్ర పోటీకి వెళ్ళాలి. గుమ్మం పక్కనున్న నీలం బోర్డు మీద పేరెక్కాలి. ఆ బోర్డు మీదున్న రెండు పేర్లనీ రోజూ తడిగుడ్డతో తుడిచేది వినీలే. మూడో పేరు చోటు ఖాళీగా ఉంది. దాన్ని కూడా తుడుస్తూనే ఉంది పాపం, ఏడాదిగా.

ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఒకటి సున్నాతో గెలిచిన ఆట అది, కష్టపడి కట్టుకున్న ఆట.

ఆ ఫుట్‌బాల్ గేములో పదకొండు మందీ మన చేతిలో ఉండరు. చేతిలో ఉండేది ఒక్కడే, బంతి మనకి దొరికాక మాత్రం దాన్ని పట్టుకున్నవాడు. మిగతా పదిమందినీ ఆట మొదలవకముందే సెట్టింగుల్లో ఎవరి హద్దు వాళ్ళకి చెప్పి నిలబెట్టుకోవాలి, కావాలంటే మధ్యలో మార్చుకోవచ్చు. చాలామంది ఒక్కొక్క శత్రువుకి ఒక్కొక్కణ్ణి కాపలా పెడతారు. వినీల మనుషుల్ని కాకుండా జాగాని కాపలా కాస్తుంది. అందులోనూ ఒక దొంగవేషం ఉంది. ఎడమ పక్క డిఫెండరు ముందుకు పోయినట్టు నటిస్తాడు, వెనకాల ఇంత ఖాళీ కనిపిస్తుంది. తన చేతిలో ఉన్న ఆటగాణ్ణి దానికి కాస్త దూరంలో, ఏమీ ఎరగనట్టు నిలబెడుతుంది. ఎదుటివాడు ఆశపడి ఖాళీలోకి బంతి పంపాడో, ఈ ఎరగనివాడు పరిగెత్తుకొచ్చి లాగేసుకుంటాడు. గురువారం హరిబాబు ఆ ఖాళీలోకి ఆరుసార్లు బంతి పంపించాడు. ఆరోసారి లాక్కున్న బంతే గోలైంది.

శుక్రవారం ఉదయం సెంటర్ తెరవగానే వినీల చేసిన మొదటి పని నాలుగో నెంబరుని టీవీకి కలపడం. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని పది నిమిషాలు తెర వంక చూస్తూ కూర్చుంది. తెర మీద ఆటగాడు పెట్టినచోట పెట్టినట్టే నిలబడ్డాడు. ఎడమకీ పోలేదు, కుడికీ పోలేదు. అప్పాజీ గారు వచ్చాక చూపించింది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. "ఇప్పుడు బాగుందేమోనమ్మా. అప్పుడు బాగాలేదేమో" అని, చుట్టూ ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించారు. "ఆయన స్పాన్సరు తల్లీ. నువ్వు చిన్నదానివి, మళ్ళీ ఆడతావు, మళ్ళీ గెలుస్తావు. ఏం పోయింది?"

ఏం పోయిందో మధ్యాహ్నానికి తెలిసొచ్చింది. హరిబాబు వచ్చి రెండు గంటలు ప్రాక్టీసు చేశాడు. గురువారం ఆటంతా ఫోనులో రికార్డు చేసుకున్నాడు. ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసి, ఆమె ఎడమ పక్క జోలికి పోకుండా కుడి పక్కనుంచి దూసుకుపోవడం నేర్చుకుంటున్నాడు. వినీల టోకెన్లు ఇస్తూ, ఫ్రిజ్జులోంచి కూల్‌డ్రింకులు తీస్తూ, ఓరకంట చూస్తూనే ఉంది.

వెళ్తూ వెళ్తూ కౌంటరు మీద మోచెయ్యి ఆనించాడు. "ఇదిగో అమ్మాయ్, ఎడమ పక్క ఖాళీ వదిలితే మళ్ళీ పడతాననుకున్నావా? నీ కిటుకు తెలిసిపోయింది. ఇంకేమైనా ఉంటే నేర్చుకో."

"సరేనండి" అంది వినీల, చిల్లర చేతిలో పెడుతూ.

మోసమల్లా అక్కడుంది. దొంగకి మన ఇంటి తాళం చూపించి, మళ్ళీ అదే తాళంతో కాపాడుకోమన్నట్టయింది. ఆ రోజు ఇంటికెళ్ళే బస్సులో, కిటికీ అద్దం మీద వేలితో పది చుక్కలు పెట్టి చెరిపింది, మళ్ళీ పెట్టింది. ఎలా పెట్టినా ఎక్కడో ఒకచోట కన్నం పడుతూనే ఉంది. పెనుగొండ దాటి ఊరి స్టాపులో దిగేసరికి అద్దం మసకబారిపోయింది గానీ లెక్క తేలలేదు.

శనివారం వినీలకి మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున్నే తల్లి సంపూర్ణమ్మతో పాటు పొలం వైపు వెళ్ళింది. వరినారు నాటే ఊడ్పులు సగమయ్యాయి. చేలకి నీరు పెట్టే బోదెల నిండా కొత్తనీరు ఎర్రగా పారుతోంది, ఆ నీటికి ఎదురెక్కి చేపలొస్తున్నాయి. సంపూర్ణమ్మ ఊడ్పుల్లోకి దిగే ముందు బోదెలో మావు ఎత్తి చూసుకుంటుంది. మావంటే వెదురుపుల్లలతో అల్లిన పొడుగాటి బుట్ట. నోటి దగ్గర పుల్లలు లోపలికి వంచి ఉంటాయి, చేప లోపలికి వెళ్ళడానికి వీలవుతుంది గానీ తిరిగి రావడానికి వీలవదు. బోదెకి అడ్డంగా మట్టిగట్టు వేసి, జానెడు గండి వదిలి, ఆ గండికి మావు ఆనిస్తారు.

"నిన్నట్నుంచి మొహం అలా పెట్టుకున్నావేంటే? అన్నం కూడా సరిగ్గా తిన్లేదు" అంది సంపూర్ణమ్మ, చీర కుచ్చెళ్ళు మోకాళ్ళపైకి దోపుకుంటూ.

వినీల చెప్పింది. గెలిచిన ఆట, ఎర్ర టేపు, రిజిస్టరులో గీత, అన్నీ చెప్పింది. సంపూర్ణమ్మ నీళ్ళలో నిలబడి అంతా విన్నది.

"ఆడలేక మద్దెల ఓడన్నాడన్నమాట" అంది చివరికి. తర్వాత మొహం మారింది. "త్రిమూర్తులు గారి మేనల్లుడంటున్నావు. మనం ఊడుస్తున్నది ఆరి చేలోనే. ఇంకా వారం పని ఉంది. పోనీలేవే, ఆటేగా. ఊరుకో."

"నేను గెలిచానమ్మా" అంది వినీల. "గెలిచి ఊరుకోమంటే ఎలా?"

సంపూర్ణమ్మ వంగి, గండి దగ్గర చెయ్యి పెట్టి మావు పైకెత్తింది. నాలుగు మట్టగిడసలు, రెండు జెల్లలు. గట్టు మీదున్న సత్తుగిన్నెలో దులిపింది. మావు మళ్ళీ పెట్టేటప్పుడు మాత్రం ఒక చిత్రం చేసింది. ఖాళీగా ఉన్న పాత మావు ఒకటి తెచ్చి మొదటి గండికే పెట్టింది, గడ్డి కూడా కప్పలేదు, పుల్లలన్నీ బయటికే కనపడుతున్నాయి. తర్వాత పక్కన నాలుగడుగుల దూరంలో గట్టు తెంపి ఇంకో గండి చేసింది. ఆ గండిలో ఏమీ లేదు, నీళ్ళు హాయిగా పోతున్నాయి. అసలు మావుని ఆ గండికి ఆనించకుండా, రెండు బారలు లోపలికి, తుంగ కింద దాచిపెట్టింది.

"అదేంటమ్మా, అలా కనపడేట్టు పెట్టావు?"

"కొర్రమీనుంది ఇక్కడ. పెద్దది. మొన్న మావులో దూరి పుల్ల విరగ్గొట్టుకుని పోయింది. ఒకసారి తప్పించుకున్న కొర్రమీను మావు కనిపిస్తే ఇంక అటు రాదు. అందుకే కనపడేట్టు పెట్టాను."

"రాకపోతే ఎలా పడుద్ది?"

"అటు రాదు గాబట్టే ఇటు పోద్ది. దానికి బోల్డు తెలివి. ఆ తెలివే మనకి పనికొస్తది." చేతులు కడుక్కుంటూ అంది సంపూర్ణమ్మ. "ఒకటే సంగతి. మొదట్లో ఈ దారిన చిన్న చేపలు ఒకటి రెండు పోతాయి, పోనివ్వాలి. నీళ్ళు కదపకూడదు. తొందరపడి ముందే మూసేస్తే వెనక్కి తిరిగిపోద్ది."

వినీల గట్టు మీద గొంతుక్కూర్చుని ఆ రెండు గండ్లనీ చాలాసేపు చూసింది. తర్వాత పుల్ల తీసుకుని మట్టి మీద పది చుక్కలు పెట్టింది. ఈసారి చెరపలేదు.

ఆ మధ్యాహ్నం సెంటర్లో జనం పలచగా ఉన్నప్పుడు సెట్టింగులు తెరిచి కూర్చుంది. ఎడమ పక్క ఖాళీ అలాగే ఉంచింది. తన చేతిలోని ఆటగాణ్ణి గురువారం ఎక్కడ నిలబెట్టిందో సరిగ్గా అక్కడే, ఇంకా కొట్టొచ్చినట్టు నిలబెట్టాలనుకుంది. అది కనపడే మావు. కుడి పక్క మాత్రం నీరసమైన డిఫెండర్నొకణ్ణి ఒంటరిగా వదిలేసింది, చూసినవాడికి జాలేసేట్టు. మధ్యలో నిలబడే పెద్ద డిఫెండరుకి లోపలికి నక్కి ఉండమని చెప్పింది. ఇంకో మార్పు కూడా ఉంది, కుడి అంచున ముందు ఆడేవాణ్ణి బంతి తనని దాటాక వెనక్కి రమ్మనడం. వాడు ఎప్పుడూ పైనే కనిపిస్తాడు కాబట్టి ఎవరూ వాణ్ణి లెక్కలో వేసుకోరు. ముందునుంచి ఒకడు, వెనకనుంచి ఒకడు. దూరినవాడికి తిరిగే దారి ఉండదు. ఆ మార్పు మాత్రం మొదటి సగంలో పెట్టకూడదనుకుంది. నీళ్ళు కదపకూడదు కదా.

ఆదివారం చర్చి అయ్యాక తల్లి కూడా బస్సెక్కేసింది. వద్దంటే వినలేదు. తెల్లచీర, చేతిసంచిలో బైబిలు, పాటల పుస్తకం. నీలం లైట్ల మధ్య, గోడ నిండా ఆటగాళ్ళ బొమ్మల మధ్య, వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో ఆవిడ పెళ్ళికొచ్చిన బంధువులా సర్దుకుని కూర్చుంది. ముందు వరసలో త్రిమూర్తులు గారు పట్టుపంచెతో వచ్చి కూర్చున్నారు. జనం ముప్పై మంది దాకా ఉన్నారు. గొడవ జరిగిన ఆటకి జనం ఎక్కువే వస్తారు.

అప్పాజీ గారు కొత్త కంట్రోలర్లు రెండు పెట్టెల్లోంచి తీసి బల్ల మీద పెట్టారు. "ఈసారి ఎవరికీ అనుమానం ఉండకూడదని కొత్తవి తెప్పించానండి. ఎవరిది వాళ్ళు తీసుకోండి."

హరిబాబు ఒకటి తీసుకున్నాడు. వినీల లేచి కౌంటరు వెనక్కి వెళ్ళింది. మేకుకి వేలాడుతున్న నాలుగో నెంబరు తీసుకొచ్చింది. ఎర్ర టేపు దానికి ఇంకా ఉంది.

"నాకు ఇది చాలండి."

అప్పాజీ గారు నవ్వబోయి ఆగారు. "అది పాడైందమ్మా."

"తెలుసండి. మొన్న ఇది వారి చేతిలో ఉంటే నేను గెలిచాను. ఇవాళ నా చేతిలో ఉంటే లాభం వారికే కదండి. ఎడమకి లాగేస్తే నేను సర్దుకుంటాను. ఓడిపోతే మాత్రం దీని పేరు చెప్పను."

అందరూ హరిబాబు వైపు తిరిగారు. అది బాగానే ఉందంటే గురువారం చెప్పింది అబద్ధమవుతుంది. పాడైందంటే ఆమె చేతిలో ఉండనివ్వాల్సిందే. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు అయింది అతనికి.

"ఆవిడిష్టం. నాకేం?" అన్నాడు తెర వంక చూస్తూ.

ఆట మొదలైంది. ఒక్కో సగం ఆరు నిమిషాలు. వినీల తన ఆటగాణ్ణి ఎడమ పక్క ఖాళీ దగ్గర, అందరికీ కనపడేట్టు నిలబెట్టింది. హరిబాబు చూశాడు, పెదవి విరిచాడు, బంతిని కుడికి మళ్ళించాడు. ఆ నీరసపువాణ్ణి దాటేశాడు. వినీల వెళ్ళనిచ్చింది. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ వెళ్ళనిచ్చింది. ఆ బంతి గోల్‌పోస్టుకి తగిలి బయటికి పోయింది. జనం హుషారెక్కిపోయారు. మూడోసారి అదే దారిన వచ్చి గోలు కొట్టేశాడు.

సున్నా ఒకటి.

వినీలకి చెవులు వేడెక్కాయి. ఒకటి రెండు పోనివ్వమంటే గోలే పోయింది. ఇప్పుడే సెట్టింగు మార్చేసి మూసేద్దామా అని బొటనవేలు బటన్ దాకా వెళ్ళింది. వెళ్ళి ఆగింది. మిగిలిన రెండు నిమిషాలూ ప్రాణం ఉగ్గబట్టుకుని ఆ దారి అలాగే తెరిచి ఉంచింది. అదృష్టం బాగుండి రెండో గోలు పడలేదు.

విరామంలో హరిబాబు కూల్‌డ్రింకు తాగుతూ మేనమామతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. సంపూర్ణమ్మ ముందుకొచ్చి కూతురికి మంచినీళ్ళ సీసా ఇచ్చింది. ఆ ఆట గురించి ఆవిడకి తెలిసింది సున్నా. కుడి పక్క దారి మాత్రం చూసింది.

"దానికి అనుమానం తగిలిందా?" అంది మెల్లగా.

"లేదమ్మా. మంచి దారే అనుకుంటోంది."

"అయితే మూసేయ్."

వినీల సీసా కింద పెట్టి, చున్నీ కొంగుతో అరచేతులు తుడుచుకుంది. సెట్టింగుల్లో ఆ ఒక్క మార్పు చేసింది. తెర మీద చూస్తే అంతా మొదటి సగంలో ఉన్నట్టే ఉంది. కుడి అంచువాడు ఎప్పట్లాగే పైన నిలబడి ఉన్నాడు.

రెండో సగం మొదటి నిమిషంలోనే హరిబాబు అలవాటైన దారి పట్టాడు. నీరసపువాణ్ణి దాటాడు. దాటిన వెంటనే పెద్ద డిఫెండరు లోపల్నుంచి అడ్డం వచ్చాడు. హరిబాబు ఆగి వెనక్కి తిరిగాడు. వెనక కుడి అంచువాడు దిగిపోయి ఉన్నాడు. అటూ ఇటూ తిరిగేలోగా బంతి పోయింది. వినీల బొటనవేలు స్టిక్‌ని ఒక్క తోపు తోసింది. పొడుగు పాసు, ముందున్నవాడికి చేరింది, గోలు.

ఒకటి ఒకటి.

వెనక వరసలోంచి "పడింది" అని ఒక గొంతు వినిపించింది. ఎవరిదో చూడక్కర్లేదు.

హరిబాబుకి నవ్వు పోయింది. మరో రెండుసార్లు కుడి పక్కే వెళ్ళాడు, రెండుసార్లూ బంతి పోగొట్టుకున్నాడు. అప్పుడు అతనికి అర్థమైంది. అర్థమవడమే అతని కొంప ముంచింది. ఉచ్చు ఎడమనుంచి కుడికి మారిపోయిందనుకున్నాడు. కుడి పక్క ఉచ్చు ఉందంటే ఎడమ పక్క నిజంగానే ఖాళీ అయ్యుండాలి కదా అని లెక్క వేశాడు. ఇంకా నిమిషం ఉందనగా బంతిని ఒక్కసారి ఎడమకి, ఆ పాత ఖాళీలోకి, బలంగా పంపించాడు.

వినీల చేతిలోని ఆటగాడు మొదటినుంచీ అక్కడే ఉన్నాడు. పదకొండు నిమిషాలుగా ఏ పనీ లేకుండా, అందరి కళ్ళ ముందూ నిలబడి ఉన్నాడు. అంతసేపు అక్కడే ఉన్నవాణ్ణి హరిబాబు చూడటం మానేశాడంతే. వాడు రెండడుగులు వేసి బంతి అందుకున్నాడు. వినీల ఈసారి తొందరపడలేదు. ఒక పాసు, ఇంకో పాసు, గోల్‌కీపర్ని ఒక పక్కకి లాగి, రెండో పక్కనుంచి మెల్లగా దొర్లించింది.

రెండు ఒకటి. ఈల మోగింది.

కుర్రకారు కుర్చీలెక్కారు. గురువారం హరిబాబు పక్కన నిలబడ్డవాళ్ళే ఇప్పుడు వినీల పేరు పెట్టి అరుస్తున్నారు. లోకం తీరే అంత. హరిబాబు కంట్రోలర్ని బల్ల మీద పెట్టి, అలవాటు కొద్దీ అప్పాజీ గారి వైపు తిరిగాడు.

"అంకుల్, ఈ కంట్రో..."

అక్కడ ఆగిపోయాడు. అతను పెట్టింది ఇందాక పెట్టెలోంచి తీసిన కొత్తది. ఆమె చేతిలో ఎర్ర టేపుది ఉంది. ముప్పై మందీ ఆ రెండింటినీ చూస్తున్నారు. ముందు వరసలో త్రిమూర్తులు గారు దగ్గారు.

"నీ చేతిలోది కొత్తదే కదరా" అన్నారు. పంచె సర్దుకుని లేచి, కప్పు అందుకుని వినీల దగ్గరికొచ్చారు. ఇస్తూ ఇస్తూ ఆమె వెనక నిలబడ్డ మనిషిని చూసి కళ్ళు చిట్లించారు. "నువ్వా సంపూర్ణం? ఇక్కడున్నావేంటి?"

పొలంలో ఆయన పలకరిస్తే సంపూర్ణమ్మ వంచిన నడుం ఎత్తకుండానే జవాబు చెబుతుంది, నారు చేతిలో ఉంటుంది గనక. ఇవాళ చేతిలో బైబిలు సంచి ఉంది. నిటారుగా నిలబడే చెప్పింది.

"మా అమ్మాయండి."

"మీ అమ్మాయా?" అన్నారాయన.

"అవునండి. మా వినీలేనండి."

అప్పాజీ గారు రిజిస్టరు తెరిచారు. తేదీ వేశారు, వినీల పేరు రాశారు, రెండు ఒకటి అని రాశారు. రిమార్కుల గడి వదిలేసి మూసెయ్యబోతుంటే వినీల పేజీ మీద వేలు పెట్టింది.

"కంట్రోలర్ నెంబరు కూడా రాయండి. మొన్న రాశారు కదండి."

అప్పాజీ గారు ఆమెని చూశారు, త్రిమూర్తులు గారిని చూశారు. త్రిమూర్తులు గారు బోర్డు వైపు తిరిగి, లేని దుమ్మేదో చూస్తున్నారు. చేసేది లేక అప్పాజీ గారు అదే గుండ్రటి చేతిరాతతో '4వ నెంబరు, లోపం లేదు' అని రాశారు. రాస్తుంటే కళ్ళజోడు ముక్కు మీదికి జారిపోయింది.

సోమవారం పొద్దున్న వినీల ఎప్పట్లాగే తొమ్మిదింటికి సెంటర్ తెరిచింది. వచ్చేముందు బోదె దగ్గర ఆగాల్సొచ్చింది. తుంగ కింద మావులో కొర్రమీను పడింది, మోచెయ్యంత ఉంది, సంపూర్ణమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది. ఊడ్పుల్లోంచి ఆవిడని ఎవరూ మానిపించలేదు. ఆ భయం ఒకటి ఉండేది, అదీ తీరింది.

బోర్డు తుడిచింది. పెయింటరు మధ్యాహ్నం వస్తానన్నాడని తెలిసినా ఖాళీ చోటు కూడా తుడిచింది, ఇంకొంచెం ఒత్తి మరీ. కంట్రోలర్లు వరసగా పెట్టుకుని దూదికి స్పిరిట్ అద్దింది. నాలుగో నెంబరు వచ్చేసరికి ఎర్ర టేపు కొస గోరుతో లేపి, మెల్లగా ఊడదీసింది. జిగురు మిగిలిపోతే దాన్ని కూడా తుడిచి, మేకుకి తగిలించింది.

తలుపు చప్పుడైంది. హరిబాబు. ఒక్కడే వచ్చాడు. కౌంటరు దాకా వచ్చి, మోచెయ్యి ఆనించబోయి మానేసి, జేబులో చేతులు పెట్టుకున్నాడు. గోడ మీది ఎనిమిది మేకులూ చూశాడు.

"గంటసేపు ఆడాలండి" అన్నాడు.

గంట టోకెను చింపింది వినీల. "ఏ నెంబరు ఇమ్మంటారు?"

హరిబాబు మెడ రుద్దుకున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఇంత పెద్ద గదిలో అతనికి చూడటానికి ఏమీ దొరకలేదు.

"నాలుగో నెంబరు ఇవ్వండి" అన్నాడు.

వినీల మేకు మీంచి తీసి, స్టిక్ ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, అతని చేతిలో పెట్టింది.